మెలిక గొట్టంలోని నిలవ నీరు

ఆవిరికి అబద్ధమాడటం చేతకాదు. దాని ఒత్తిడి ఎంతో తెలిస్తే వేడి ఎంతో తెలుస్తుంది. వేడి తెలిస్తే ఒత్తిడి తెలుస్తుంది. ఆ రెంటికీ ఉన్న లంకె బందరులో ఒకలాగా, మద్రాసులో మరొకలాగా ఉండదు. మెకానికల్ డిప్లొమా చదివే రోజుల్లో ఈ సంగతిని పట్టికల రూపంలో కంఠస్థం చేసినవాళ్ళం చాలామందిమి ఉన్నాము. దాన్ని నమ్ముకుని బతికినవాణ్ణి నేను.

నా ఉద్యోగం గుడివాడలో. చుట్టుపక్కల బియ్యపు మిల్లుల బాయిలర్లకు మరమ్మతులు చేసే వర్క్‌షాపు అది. ఒత్తిడి చూపే గేజీలు, ఒత్తిడి మితిమీరితే ఆవిరిని బయటికి వదిలేసే సేఫ్టీ వాల్వులు, థర్మామీటర్లు పరీక్షించి సరిచేయడం నా వంతు. నాకొక టేకు పెట్టె ఉండేది. అందులో ప్రతి స్పానరుకూ దాని ఆకారానికి తొలిచిన గూడు, ఫ్లానెల్ గుడ్డలో చుట్టిన ప్రమాణపు గేజీ, వెదురు గొట్టంలో థర్మామీటరు ఉండేవి. ఆ పెట్టెను నేను తప్ప ఎవరూ తెరవకూడదు, మూయకూడదు. గేజీ ముల్లు ఆవిరి కట్టేసిన తరవాత సున్నా దగ్గర నిలవకపోతే బాయిలరు ఆర్పించేవాణ్ణి. పంట రోజులని ఎవరు బతిమాలినా వినేవాణ్ణి కాదు. మిల్లు యజమానులు నన్ను గౌరవించేవారు. మిల్లుల్లో బాయిలరు నడిపే డ్రైవర్లు నేను వెళ్ళిపోయాక హాయిగా బీడీ ముట్టించుకునేవారని విన్నాను. రెండూ నాకు సమ్మతమే.

అరవైల మొదట్లో బందరులోని ఒక క్రైస్తవ విద్యాసంస్థ హాస్టలు నుంచి మా వర్క్‌షాపుకు కబురు వచ్చింది. అక్కడి వంటశాలలో ఆవిరితో వండే పెద్ద పాత్రలు కొత్తగా పెట్టారు. అమ్మిన కంపెనీవారు వాటిని కెటిళ్ళు అన్నారు. వంటవాళ్ళు ఆవిరి గుండిగలు అన్నారు. రెండో పేరే సరైనదని నా అభిప్రాయం. గుండిగ చుట్టూ మరొక గోడ ఉంటుంది. రెండు గోడల మధ్య ఆవిరి తిరుగుతుంది. లోపలి పప్పుకు మంట తగలదు, వండే మనిషికి పొగ తగలదు. ఆవిరి ఎంత వదిలామో చూపడానికి ఒక్కొక్క గుండిగకు ఒక్కొక్క ఇత్తడి గేజీ. గుండ్రంగా, ముల్లుతో ఉంటుంది కనుక దాన్ని వంటశాలలో అందరూ గడియారం అనేవారు.

ఆ గుండిగలను పట్టుబట్టి తెప్పించినది హాస్టలు వార్డెన్ అమ్మగారు. నడివయసు దాటిన మనిషి, మడత చెదరని తెల్లచీర, ప్రతి మాటనూ తూకం వేసే స్వభావం. ఆమె పట్టుదలకు కారణం వంటశాల పెద్ద అయిన వంటావిడ. దివిసీమ పల్లె నుంచి పడుచుతనంలోనే వచ్చి, అప్పటినుంచీ కట్టెల పొయ్యిల ముందే నిలబడిన మనిషి ఆమె. పొగకు ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, నీరు కారుతూ ఉండేవి. ఇంకా పొగలోనే పనిచేస్తే చూపు దక్కదని ఆస్పత్రి డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఆమె కింద పనిచేసే ఆడవాళ్ళ కళ్ళదీ అదే దారి. వార్డెన్ అమ్మగారు సంస్థ కమిటీతో చాలాకాలం వాదించి, బాయిలరునూ గుండిగలనూ సాధించారు.

తీరా అవి వచ్చాక పప్పు ఉడకడం మానేసింది.

మొదటి కొన్ని వారాలూ అద్భుతంగా ఉడికిందట. తరవాత మెల్లగా మొరాయించింది. కందిపప్పు గంటలకొద్దీ తిరిగినా బద్దలు బద్దలుగానే ఉండేది. పాలు పొంగు చూసేవి కావు. కంపెనీ మనిషి మద్రాసు నుంచి వచ్చి గేజీలు మార్చి వెళ్ళాడు. మళ్ళీ కొన్ని వారాలు బాగుంది, మళ్ళీ అదే కథ. అప్పుడు నన్ను పిలిచారు.

నేను వెళ్ళేసరికి వంటశాల గుమ్మంలోనే కమిటీ కార్యదర్శిగారు ఎదురయ్యారు. హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. చేతిలో ఒక పళ్ళెం, పళ్ళెంలో పప్పు.

"చూడండి," అన్నారు, ఒక బద్దను వేళ్ళ మధ్య నొక్కుతూ. "దీన్ని మా పిల్లలు పప్పు అనడం లేదండీ, గులకరాళ్ళంటున్నారు. మా సాలీనా సభలు దగ్గరపడ్డాయి. దివిసీమ ఊళ్ళన్నిట్నుంచీ విశ్వాసులు వస్తారు. వాళ్ళకి కూడా గులకరాళ్ళే పెట్టమంటారా?"

"ముందు చూడనివ్వండి," అన్నాను.

"చూడండి, చూడండి. సభలనాటికి ఇవి దారిన పడకపోతే పెరట్లో గాడిపొయ్యి తవ్విస్తాను. సభలైన మర్నాడే ఈ గుండిగలు ఊడదీయించి అమ్మించేస్తాను. పాత పొయ్యిలు ఎక్కడివక్కడే ఉన్నాయిగా." ఈ మాట ఆయన నాతో అన్నా, వినిపించవలసిన వార్డెన్ అమ్మగారు నా వెనక నిలబడి ఉన్నారు. వంటావిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. అది ఏడుపు కాదు, పాత పొగ.

లోపలికి అడుగుపెట్టి నేను ఒక క్షణం ఆగిపోయాను. అంతటి శుభ్రమైన వంటశాలను నేను అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు. ఇత్తడి అన్నది ఎక్కడ ఉన్నా అది మెరుస్తున్నది: గరిటెలు, బిందెలు, కుళాయిలు, గేజీల అంచులు, వాటి కింద మెలి తిరిగిన గొట్టాలు. కడిగిన పాత్రలన్నీ పరిమాణ క్రమంలో బోర్లించి ఉన్నాయి. ఈ ఇల్లు నాకు తగిన ఇల్లు అనుకున్నాను.

పెట్టె తెరిచాను. ఆవిరి దారిలో థర్మామీటరు పెట్టే గూడు ఒకటి ఉంటుంది. ముందుగా నా థర్మామీటరును మరిగే నీళ్ళలో ఉంచి సరిచూశాను. బందరు సముద్రానికి ఎంత దగ్గరంటే, అక్కడ నీరు సరిగ్గా పుస్తకంలో రాసిన అంకె దగ్గరే మరుగుతుంది; పరికరం పరీక్షించేవాడికి అంతకన్నా ఉత్తమమైన ఊరు లేదు. తరవాత దాన్ని గూట్లో పెట్టి ఆవిరి వదలమన్నాను.

వంటావిడ వాల్వు తిప్పింది. గేజీ ముల్లు కదిలి పదిహేను పౌన్ల దగ్గర ఉన్న ఎర్రగీతను తాకింది. తాకిన మరుక్షణం ఆమె వాల్వు బిగించింది.

"ఎందుకు కట్టేశారు?" అన్నాను.

"గీత దాటనివ్వకూడదని కంపెనీ ఆయన చెప్పాడండీ. ఒట్టేయించుకున్నాడు కూడాను."

పదిహేను పౌన్ల ఆవిరి ఫారన్‌హీటు లెక్కన రెండువందల యాభై డిగ్రీల వేడి ఉండాలి. నా థర్మామీటరు అంతకన్నా చాలా తక్కువ చూపింది. పట్టిక ప్రకారం అది అయిదు పౌన్లకు మించని ఆవిరి. ఆవిరి అబద్ధమాడదు కనుక ఆడుతున్నది గేజీ. ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతున్నది. ఆవిరి పూర్తిగా కట్టించి చూస్తే ముల్లు సున్నాకు రాకుండా పది దగ్గరే ఆగిపోయింది. ఆవిడ గీతను అంత నమ్మకంగా పాటించకపోయి ఉంటే పప్పు ఎప్పుడో ఉడికేది. ఆజ్ఞ పాటించడం వల్ల చెడిన వంట అది.

గేజీలు విప్పి, నేను గుడివాడలో స్వయంగా పరీక్షించి తెచ్చినవి బిగించాను. సేఫ్టీ వాల్వులు కూడా సరైన ఒత్తిడి దగ్గర లేచి ఆవిరి వదులుతున్నాయని చూశాను. ఆ పూట పప్పు వెన్నలా మెదిగింది. వంటావిడ నన్ను భోజనం చేయకుండా కదలనివ్వలేదు. మాటల్లో నా అత్తవారిది చల్లపల్లి అని తెలుసుకుని చేతులు చరిచింది.

"అదిగో! చల్లపల్లి దాటి నాలుగడుగులేస్తే మా దివిసీమేనండీ. మా వైపు పిల్లని చేసుకున్నారన్నమాట. అయితే మీరు మాకు అల్లుడుగారు!"

నేను అంత త్వరగా వరసలు కలిపే మనిషిని కాను. అయినా అప్పటినుంచి ఆ వంటశాలలో నా పేరు అల్లుడుగారే.

కొన్ని వారాలు గడిచి, సభలకు ఇంకా కొద్ది రోజులుందనగా కార్యదర్శిగారి నుంచి మళ్ళీ కబురు. ఈసారి కబురులో మర్యాద తక్కువ. పప్పు మళ్ళీ ఉడకడం లేదు. పెరట్లో గాడిపొయ్యి తవ్వడం మొదలైంది. నాగాయలంక వైపు నుంచి సరుగుడు కట్టెలు బండ్లమీద వస్తున్నాయి.

రైల్లో కూర్చుని ఆలోచించాను. నా చేత్తో పరీక్షించిన గేజీ ఇంత త్వరగా చెడిందంటే లోపం గేజీలో లేదు. దానికి ఆ వంటశాలలోనే ఏదో జరుగుతున్నది. గేజీ మార్చి రావడం ఎవరైనా చేస్తారు. ఎందుకు చెడుతున్నదో తేల్చకుండా ఈసారి బందరు విడిచి రానని నిశ్చయించుకున్నాను.

వెళ్ళగానే వార్డెన్ అమ్మగారిని ఒక స్టూలు అడిగాను. "మీ వంటశాలలో ఒక మూల కూర్చుంటాను. పొద్దున బాయిలరు వెలిగించినప్పటినుంచి పని ముగిసేదాకా ఏం జరుగుతుందో చూస్తాను. నన్ను ఎవరూ పట్టించుకోవద్దు."

"ఆడవాళ్ళు సిగ్గుపడతారేమో," అన్నారామె.

సిగ్గుపడింది నేనే. మొదటి రోజంతా వంటావిడ నన్ను వదలలేదు.

"ఏంటమ్మా, అల్లుడుగారు పెళ్ళిచూపులకొచ్చినట్టు కూచున్నారు? ఏ గుండిగ నచ్చిందో చెప్పమనండి, మాట్లాడేద్దాం!"

"పెద్ద గుండిగ మీదే ఉందే చూపంతా," అంది ఇంకో ఆవిడ.

"అది ఈ కొంపలో ఉండేది సభలదాకానేనే," అంది వంటావిడ. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

నేను మెడ తిప్పకుండా గేజీలను చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు చేసిన పనిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వాల్వు మెల్లగా తిప్పుతున్నారు, గీత దగ్గర ఆపుతున్నారు, పని కాగానే ఆవిరి కడుతున్నారు. బాయిలరు మేస్త్రి కూడా తన పని నియమంగానే చేస్తున్నాడు. కార్యదర్శిగారు మధ్యమధ్య తొంగిచూసి, "కనపడిందాండీ దయ్యం?" అని అడిగి వెళ్ళేవారు.

శనివారం వచ్చింది. ఆదివారం ప్రభువు దినం. ఆ రోజు వంట తప్ప మరే పనీ పెట్టుకోకూడదని ఆ వంటశాల నియమం. అందుచేత వారం మొత్తపు తోముడు శనివారం మధ్యాహ్నమే. భోజనాలు ముగిశాక ఆవిరి కట్టేశారు, గుండిగలు చల్లారాయి. ఆడవాళ్ళు చెంగులు దోపుకుని చింతపండు, ముగ్గుపిండి ముందు పెట్టుకున్నారు. గరిటెలు తోమారు, బిందెలు తోమారు. తరవాత వంటావిడ ఒక స్పానరు తీసుకుని గేజీ దగ్గరికి వెళ్ళింది. ఎంతో నేర్పుగా, మర మీద గీత పడకుండా, గేజీని విప్పి గుడ్డమీద పెట్టింది. దాని కింద ఉన్న మెలిక గొట్టాన్ని కూడా విప్పింది. ఆ గొట్టాన్ని వంచి అందులోంచి కాసిని నీళ్ళు నేలమీద ఒంపింది. ఊదింది. చింతపండుతో తోమింది. కడిగి, చుక్క నీరు లేకుండా విదిలించి, ఎండలో నిలబెట్టింది.

నేను స్టూలు మీంచి లేచాను.

"ఏమండీ, ఇది ప్రతి శనివారం చేస్తారా?"

"ఒక్క శనివారం తప్పలేదండీ," అంది ఆమె గర్వంగా. "గడియారం మీద మసి మరక చూపించండి చూద్దాం!"

"ఆ గొట్టంలో నీళ్ళెందుకు పారబోశారు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నిలవనీళ్ళు కదండీ! ఎన్నాళ్ళ నీళ్ళో ఏంటో. బిందెలో రాత్రి మిగిలిన నీళ్ళే పొద్దున పారబోస్తాం. తినే పప్పుకి ఆనుకుని వారం రోజుల నీళ్ళు ఉంచుతామా? ఎవరైనా వింటే ఏమంటారు?"

నేను చాలా తక్కువగా నవ్వుతాను. ఆ రోజు నవ్వానని అక్కడివాళ్ళు తరవాత చాలాకాలం చెప్పుకున్నారట.

వార్డెన్ అమ్మగారిని పిలిపించి అందరికీ చెప్పాను. గేజీ లోపల పల్చటి ఇత్తడి గొట్టం ఒకటి వంపు తిరిగి ఉంటుంది. ఒత్తిడి తగిలితే ఆ వంపు కొంచెం విచ్చుకుంటుంది. ముల్లు దానివల్లే కదులుతుంది. మండే ఆవిరి నేరుగా దానికి తగిలితే ఆ ఇత్తడి సత్తువ కోల్పోయి, విచ్చుకున్నది మళ్ళీ పూర్తిగా ముడుచుకోదు. ఇక ముల్లు సున్నాకు రాదు. అలా తగలకూడదనే గేజీ కింద మెలిక గొట్టం పెడతారు. ఆ మెలికలో నీరు నిలిచి ఉంటుంది. ఆవిరి వచ్చి ఆ నీటిని నెడుతుంది, నీరు గేజీని నెడుతుంది. వేడి మాత్రం నీటి దగ్గరే ఆగిపోతుంది. వీళ్ళు శనివారం దాన్ని ఎండబెట్టి బిగిస్తున్నారు. ఆదివారం పొద్దున ఆవిరి వదలగానే అది పొడి గొట్టంలోంచి సూటిగా గేజీలోకి దూరుతున్నది. కాసేపటికి ఆవిరే చల్లబడి గొట్టంలో మళ్ళీ నీరు చేరుతుంది గాని, ఆలోగా జరగవలసిన కీడు జరిగిపోతుంది. వారం వారం కొంచెం కొంచెంగా గేజీ చెడుతున్నది.

వంటావిడే ముందు తేరుకుంది.

"అంటే నిలవనీళ్ళకి కాపలా ఉద్యోగం ఇచ్చారన్నమాట! మాకు ఒక్కముక్క చెప్పొచ్చు కదా ఆ కంపెనీ ఆయన!"

"ఆయన గుండిగ వాడటం చెప్పాడు," అన్నాను. "తోమేవాళ్ళు ఇంత శ్రద్ధగా తోముతారని ఆయన ఊహించలేదు. నేనూ ఇంతవరకు ఏ మిల్లులోనూ చూడలేదు."

"ఇకమీదట ఆ గొట్టం ముట్టుకోవద్దని చెప్పనా?" అన్నారు వార్డెన్ అమ్మగారు.

నేను వద్దన్నాను. ఇంత క్రమశిక్షణ ఉన్న ఇంట్లో ఒక మంచి అలవాటును మాన్పించడం నా దృష్టిలో నేరం. అలవాటును ఉంచి, దానికి ఒక్క అడుగు చేర్చాను: పాత నీరు పారబోయండి, తోమండి, తోమాక కాచి చల్లార్చిన కొత్త నీరు నిండుగా పోసి అప్పుడు గేజీ బిగించండి. వంటావిడ ముఖం వికసించింది. "అదీ మాట! కొత్త నీళ్ళయితే మాకేం అభ్యంతరం?" అంటూ గిద్దతో నీళ్ళు తెచ్చి, గొట్టం అంచుదాకా పోసింది. నేను మంచి గేజీలు బిగించాను.

సభలరోజు తెల్లవారేసరికి హాస్టలు ఆవరణ నిండిపోయింది. కోడూరు, అవనిగడ్డ, మోపిదేవి వైపు నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు, కాలవల మీద పడవల్లో వచ్చినవాళ్ళు, పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని నడిచి వచ్చినవాళ్ళు. పెరట్లో గాడిపొయ్యి నోరు తెరుచుకుని ఉంది, పక్కన సరుగుడు కట్టెలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. కార్యదర్శిగారు కిరసనాయిలు డబ్బాతో సహా సిద్ధంగా నిలబడ్డారు.

"వెలిగించేస్తాను," అన్నారాయన. "ఇంతమందిని ఆకలితో కూర్చోబెట్టలేను."

"ఆరాధన రెండో గంట కొట్టేదాకా ఆగండి," అన్నారు వార్డెన్ అమ్మగారు. "అప్పటికి పప్పు మెదగకపోతే నేనే అగ్గిపుల్ల గీస్తాను."

వంటావిడ వాల్వు మీద చెయ్యి వేసింది. ముల్లు లేచింది, ఎర్రగీతను తాకింది. ఆమె అలవాటుగా వాల్వు బిగించింది. నేను థర్మామీటరు చూశాను. రెండువందల యాభై. పుస్తకం, గేజీ, థర్మామీటరు, మూడూ ఒకే మాట మీద నిలబడ్డాయి. కార్యదర్శిగారిని పిలిచి వంగి చూడమన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని గేజీని ఒకసారి, థర్మామీటరును ఒకసారి చూశారు. డబ్బా కింద పెట్టారు.

పెద్ద గుండిగలో పప్పు మొదట గొణిగింది, తరవాత తిరగబడింది, ఆ తరవాత వంటశాలంతా దాని వాసనే. పక్క గుండిగలో పులుసు, దాని పక్కన పాలు. ఆడవాళ్ళు పొడవాటి తెడ్లతో తిప్పుతూ పాట ఎత్తుకున్నారు. ఒక్కరి కంటా నీరు లేదు. రెండో గంట ఇంకా మోగలేదు. వంటావిడ గరిటెడు పప్పు పళ్ళెంలో వేసి కార్యదర్శిగారి ముందుకు చాచింది.

"గులకరాళ్ళు తీసుకోండి మాస్టారూ!"

ఆయన వేళ్ళతో నొక్కారు. పప్పు వేళ్ళకు అంటుకుపోయింది. నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు. రిటైరైన హెడ్మాస్టరు గనక తీర్పు కూడా బడిలో చెప్పినట్టే చెప్పారు: "ఉత్తీర్ణం."

ఆవరణంతా నవ్వులు. ప్రార్థన అయ్యాక బంతి తరవాత బంతి లేచింది. ఏ బంతికీ పప్పు తక్కువ పడలేదు, ఏ బంతీ ఆలస్యం కాలేదు. నేను ఆ పప్పన్నం పెరుగుదాకా తిన్నాను. మళ్ళీ వడ్డించమని అడగడం నా అలవాటు కాదు. ఆ రోజు అడిగాను.

సాయంత్రం జనం పలచబడ్డాక కార్యదర్శిగారు వంటశాలకు వచ్చారు. గుండిగలు ఊడదీసే మాట ఇక ఎవరూ ఎత్తరని, పాత పొయ్యిలు పగలగొట్టించి ఆ చోట బల్లలు వేయిస్తామని వార్డెన్ అమ్మగారితో చెప్పారు. ఆమె తల పంకించి, "గాడిపొయ్యి సంగతి?" అన్నారు.

"పూడ్పిస్తాను."

"ఎవరో పూడ్చడమెందుకు మాస్టారూ," అంది వంటావిడ. పార అందుకుని, చీర దోపుకుని, ఒక్క నిప్పురవ్వ చూడని ఆ గుంటలోకి మొదటి మట్టి ఆమే లాగింది. మిగిలిన ఆడవాళ్ళు చేటలతో, చేతులతో కలిశారు. సరుగుడు కట్టెలు ఆవరణకు కంచెగా పాతారు.

ఆ తరవాత గేజీలు సరిచూడటానికి నేను బందరు వెళ్ళినప్పుడల్లా అవి సున్నా దగ్గర నిఖార్సుగా నిలబడి ఉండేవి. గాడిపొయ్యి పూడ్చిన చోట వంటావిడ గోంగూర వేసింది. ఒకసారి నేను వెళ్ళేసరికి ఆ గోంగూర కోస్తూ ఉంది. పూచిక పుల్లలు, పురుగు పట్టిన ఆకులు ఏరి పారేస్తున్నది. ఇదివరకు ఆ పని వేరేవాళ్ళకు అప్పగించేది. అప్పట్లో ఆమెకు ఆకు మీద పురుగు కనిపించేది కాదు. నన్ను చూసి తలెత్తింది. ఆ ఎరుపు పోయి కళ్ళు తెల్లగా ఉన్నాయి.

"రండి అల్లుడుగారూ," అంది. "మీ కాపలా నీళ్ళు మొన్న శనివారమే మార్చాను. ఇవాళ గోంగూర పప్పు."